చదరంగపు సంఖ్య

ఈ ప్రసంగములో నేను మీకు ఒకే ఒక్క సంఖ్యను గూర్చి చెప్పదలచినాను. సంఖ్యలు అనంతములు. వానిలో ఒక్కదానిని ఏరి తెచ్చి దానిని గూర్చియే పావుగంట ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మనుష్యులలో వలెనే సంఖ్యలలోను కొన్నింటికి వంశమును, చరిత్రయు, బంధువర్గమును కలవు. నేను చెప్పబోవు సంఖ్య అట్టి వానిలో నొకటి. దానికి ఇరువది యంకెలు. కాగితమును కలమును దగ్గరనున్నవారు వ్రాసికొనవచ్చును: 18446744073709551615.

దీనిని మన వాడుకలో చదువవలెనన్న, ఒక లక్ష యెనుబదినాలుగు వేల నాలుగువందల అరువదియేడు కోటికోట్లును, నలుబదినాలుగు లక్షల యేడువేల మూడువందల డెబ్బది కోట్లును, ఆ పైని తొంబదియైదు లక్షల ఏబదియొక వేల ఆరువందల పదునైదును అని చదువవలెను. పెద్దదగుటయే దీని గొప్ప కాదు. దీనికంటె పెద్ద సంఖ్య కావలెనన్న దీనికి ఒకటి కలిపిన చాలును. పసిబాలుడైనను ఆ పని చేయగలడు. దీని గొప్ప వేరు. ఇంత పెద్దదయ్యును ఇది మనకు ఆపాదమస్తకము తెలిసిన సంఖ్య. తెలిసినది అనగా, పెద్దలు చెప్పగా నమ్మినది అని కాదు. ఎవరికి వారు పరీక్షించి చూచుకొనదగినది అని. ఆ పరీక్షయే నేటి నా విషయము.

ఈ సంఖ్య పుట్టిన కథను మీలో పెక్కుమంది వినియే యుందురు. చదరంగమును కనిపెట్టిన పండితుని ఒక రాజు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికి ఇబ్బడి చేయుచు అరువదినాలుగు గడులకును ధాన్యమిమ్మని పండితుడు కోరెను. రాజు, ఇంతేనా యని నవ్వెను. లెక్క కట్టిన పిమ్మట నవ్వు మానెను. ఈ కథను పదుమూడవ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ అను అరబ్బు గ్రంథకర్త తన చరితావళిలో చెప్పియున్నాడు. అంతకు పూర్వమే, క్రీస్తుశకము 1000 ప్రాంతమున, అల్ బిరూనీ ఈ మొత్తమును ఇరువది యంకెలతోను తప్పులేక లెక్కించి చూపెను.

రాజు నవ్వు మానుట సహజమే. కిలో బియ్యమునకు ఏబదివేల గింజలని ఎంచుకొందము. అప్పుడు రాజు ఈయవలసినది ఇంచుమించు ముప్పదియారువేల తొమ్మిదివందల కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతట ఒక యేట పండు బియ్యము ఏబది కోట్ల టన్నుల ప్రాంతము. ఒక్క గింజయైనను వండుకొనక కూడబెట్టినను ఏడువందల యేండ్లకు గాని రాజు ఋణము తీరదు.

ఇంత మొత్తమును కూడుట యెట్లు? అరువదినాలుగు సంఖ్యలను వరుసగా వ్రాసి కూడనక్కరలేదు. ఒక చిన్న ఉపాయము కలదు. పొరుగువాని యొద్ద ఒకే ఒక్క గింజ బదులు తెండు. దానిని మొదటి గడిలోని గింజతో చేర్చుడు, రెండు గింజలగును. రెండవ గడిలోను రెండే కలవు. ఈ రెండును ఆ రెండును కలిసి నాలుగు. మూడవ గడిలోను నాలుగే కలవు, కలిసి ఎనిమిది. ఇట్లు చేతిలోని రాశి ప్రతి గడికిని సరిజోడుగా నిలిచి, ఇబ్బడి యగుచు ముందునకు సాగును. అరువదినాలుగవ గడి దాటునప్పటికి, అరువదియైదవ గడి యున్నచో అందుండవలసినన్ని గింజలు మన చేతిలో నుండును. ఇప్పుడు పొరుగువాని గింజను వానికి తిరిగి యిచ్చివేయుడు. మిగిలినదే మన సంఖ్య. కనుక రెండును అరువదినాలుగు మారులు వేసి హెచ్చించి, వచ్చిన దానిలో ఒకటి తీసివేసిన మన సంఖ్య వచ్చును. ఆ ఒక్క గింజను మాత్రము మరువకుడు. ఈ సంఖ్యలోని వింతలన్నియు ఆ గింజను తీసివేయుటలోనే యున్నవి.

ఇక రెండును అరువదినాలుగు మారులు హెచ్చించుట కూడ అంత శ్రమ కాదు. రెండును రెండు చేత హెచ్చించిన నాలుగు. నాలుగును నాలుగు చేత హెచ్చించిన పదునారు. పదునారును పదునారు చేత హెచ్చించిన 256. దాని వర్గము 65536. దాని వర్గము 4294967296. దీని వర్గమే మనకు కావలసినది. అరువదినాలుగు మెట్లను ఆరు అంగలలో ఎక్కినాము. ఇట్లు వర్గములు చేయుచు త్వరగా పైకి పోవు పద్ధతి మన దేశమునకు క్రొత్త కాదు. ఛందస్సులో గురులఘువుల ప్రస్తారము లెక్కించుటకై పింగళుడు తన సూత్రములలో ఈ మార్గమునే ఉపదేశించెను.

పింగళుని ప్రస్తావన వచ్చినది గనుక, ఈ సంఖ్యకును తెలుగు పద్యమునకును గల సంబంధమును ఇచ్చట చెప్పవలెను. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యులు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములుగా వ్రాసెను. మన భాషలో శాస్త్రగ్రంథములకు అది మొదటి వరుసలోనిది. చదరంగపు గడులను ఇబ్బడి చేసి కూడగా వచ్చు మొత్తమును చెప్పు చంపకమాల యొకటి మల్లన గణితమునకు చెందినదిగా ప్రసిద్ధమై యున్నది. అందు ఇరువది యంకెలును మాటల రూపమున కూర్పబడినవి.

అంకెలను మాటలుగా చెప్పు ఆ సంప్రదాయమును భూతసంఖ్య లందురు. లోకములో ఏ వస్తువు ఎన్ని కలవో ఆ వస్తువు పేరు ఆ అంకెకు గుర్తు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుడనిన ఒకటి. అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణములు ఐదు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, శరీరమునకు రంధ్రములు తొమ్మిది. ఆకాశమనిన సున్న. అంకెలు ఎడమవైపునకు నడచునని నియమము. అనగా పద్యములో మొదట వినబడునది ఒకట్ల స్థానము, కడపట వినబడునది అన్నింటికంటె పెద్ద స్థానము. మన సంఖ్యలో ఒకటి అను అంకె మూడు మారులు వచ్చును. పద్యములో చంద్రుడు మూడు వేరువేరు పేర్లతో మూడు మారులు ఉదయించును. నాలుగు అను అంకె నాలుగు మారులు వచ్చును. కవి రెండు మారులు సముద్రమని, ఒక మారు వేదమని, ఒక మారు బ్రహ్మముఖములని చెప్పి నడపించెను. ఛందస్సు ఒక మాటను ఒప్పుకొననిచో మరియొక మాట సిద్ధముగా నుండును. ఇట్లు ఇరువది యంకెల సంఖ్య వ్రాతపని లేకయే కంఠస్థమైనది.

ఇచ్చట ఒక చిన్న వింత. మన సంఖ్యను మరల చూడుడు. సున్న కలదు, ఒకటి కలదు, మూడు మొదలు తొమ్మిది వరకు అంకెలన్నియు కలవు. లేనిది ఒక్కటే, రెండు. రెండును రెండుతో హెచ్చించుచు పోగా పుట్టిన సంఖ్యలో రెండు అను అంకెయే లేదు! వినుటకు సొగసుగా నున్నను ఇది కాకతాళీయము. మనము పదింటి లెక్కలో వ్రాయుట చేత కలిగినదే గాని సంఖ్య స్వభావములోనిది కాదు. గణితములో వింతలు రెండు విధములు: వ్రాతలో కనబడు వింతలు, కట్టుబాటులో దాగిన వింతలు. మొదటివి ముచ్చటగొలుపును, రెండవవి పనికివచ్చును. ఇకమీదట నేను చెప్పునవి రెండవ జాతివి.

ఒక సంఖ్య వర్గములో నుండి ఒకటి తీసివేసినచో, మిగిలినది ఎల్లప్పుడును రెండు భాగముల లబ్ధముగా విడిపోవును: ఆ సంఖ్యకు ఒకటి తక్కువైనది, ఒకటి ఎక్కువైనది. పది వర్గము నూరు. ఒకటి తీసివేసిన తొంబదితొమ్మిది. అది తొమ్మిదిని పదునొకటితో హెచ్చించినది. బడిపిల్లలకు తెలిసిన ఈ సూత్రమునే మన సంఖ్యకు పట్టింతము. మనది 4294967296 యొక్క వర్గములో ఒకటి తక్కువ. కనుక అది 4294967295, 4294967297 అను రెండింటి లబ్ధము. ఇందు మొదటిది మరల 65536 వర్గములో ఒకటి తక్కువ; కనుక అది 65535, 65537 అని విడిపోవును. 65535 మరల 255, 257 అని విడిపోవును. 255 అనునది 15, 17 లుగాను, 15 అనునది 3, 5 లుగాను విడిపోవును. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్లు ఒలువగా ఆరు సంఖ్యలు మిగిలినవి: 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటిని హెచ్చించిన మన ఇరువది యంకెల సంఖ్య వచ్చును.

ఈ విడదీత వలన తక్షణమే ఒక లాభము కలదు. మల్లన పద్యము తాటాకులమీద చేయి మారి చేయి మారి వచ్చినదికదా. లేఖకుడు గణితము తెలియనివాడై ఒక మాటకు బదులు మరియొక మాట వ్రాసిన, సంఖ్య చెడును. ఛందస్సు కొంత కాపాడును గాని, వేదమును తీసి అగ్నిని పెట్టిన గణములు చెడక పోవచ్చును; లెక్క మాత్రము చెడును. అట్లు చెడలేదని మనకు తెలియుట యెట్లు? మన చేతికి వచ్చిన సంఖ్యను పదునేడు చేత భాగించి చూడుడు. పదునేడు దాని భాజకమని ఇప్పుడే కనుగొన్నాము. కనుక శేషము మిగులరాదు. ఒక్క అంకె మారినను శేషము మిగిలియే తీరును. ఏలనన, ఒక అంకె మారినప్పుడు కలుగు భేదము, ఒకటి మొదలు తొమ్మిది వరకు ఏదో ఒక అంకె ప్రక్కన కొన్ని సున్నలు చేర్చినంత. అట్టి దానిని పదునేడు ఎన్నడును నిశ్శేషముగా భాగింపదు. ప్రక్కప్రక్కనున్న రెండు అంకెలు తారుమారైనను ఈ పరీక్ష పట్టి యిచ్చును. మన సంఖ్యను భాగించిన 1085102592571150095 వచ్చును, శేషము సున్న. రెండు మూడు తప్పులు ఒక్కమారు దొర్లినచో పదునేడు మోసపోవచ్చును. అప్పుడు 257 చేతను, 65537 చేతను భాగించి చూడవలెను. వందల యేండ్ల క్రిందటి కవి మాటకు సాక్షి కావలెనన్న రాజశాసనములను వెదకనక్కరలేదు. సంఖ్య తన సాక్షిని తనలోనే దాచుకొని యున్నది.

ఇక ఆ ఆరు సంఖ్యలను గూర్చి చెప్పెదను. చదరంగపు పలకమీద రెండవ గడి, మూడవ గడి, ఐదవ గడి, తొమ్మిదవ గడి, పదునేడవ గడి, ముప్పదిమూడవ గడి, వీనిలోని గింజలకు ఒక్కొక్క గింజ చేర్చినచో ఈ ఆరు సంఖ్యలు వచ్చును. ఫ్రాన్సు దేశమున టూలూజు నగరములో న్యాయాధికారిగా నుండి, తీరిక వేళల గణితము చేసిన ఫెర్మా అను మహామేధావి వీనిని శ్రద్ధతో పరిశీలించెను. 3, 5, 17, 257, 65537, ఈ ఐదును ప్రధానసంఖ్యలు. అనగా ఒకటి చేతను, తమ చేతను తప్ప మరి దేని చేతను భాగింపబడనివి. ఈ వరుసలో ఎంత దూరము పోయినను అన్నియు ప్రధానసంఖ్యలే కావలెనని 1640లో ఫెర్మా తన మిత్రులకు లేఖలు వ్రాసెను. నిదర్శనము తనకు దొరకలేదనియు, అయినను అది నిజమని తనకు నమ్మకమనియు తెలిపెను.

ఐదుగురు సాక్షులు ఒకే మాట చెప్పినారు. చెప్పించినవాడు ఆ కాలపు గణితజ్ఞులలో అగ్రగణ్యుడు. న్యాయస్థానములలో ఇంతకంటె తక్కువ సాక్ష్యముతో తీర్పులు చెప్పబడినవి. తొంబది యేండ్లకు పైగా ఆ మాటను కాదనినవారు లేరు.

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు, ఫెర్మా చెప్పిన దానిని ఎరుగుదువా యని ఆయిలర్ అను యువకునకు లేఖ వ్రాసెను. ఆయిలర్ అప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున విద్వత్పరిషత్తులో నుండెను, ఇరువదిరెండేండ్ల వాడు. 1732లో ఆయన ఆరవ సంఖ్యయగు 4294967297 ప్రధానసంఖ్య కాదని, 641 దానిని నిశ్శేషముగా భాగించునని ప్రకటించెను. లబ్ధము 6700417. ఇది ఊరక దొరికినది కాదు. ఆ సంఖ్యకు భాజకమేదైన నున్నచో అది అరువదినాలుగింటి గుణిజమునకు ఒకటి కలిపినదిగానే యుండవలెనని ఆయన పిమ్మట నిరూపించెను. అట్టి ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే తలుపు తెరువబడును! విశేషమేమనగా, ఆ ఉపాయమునకు మూలమైన సిద్ధాంతము ఫెర్మా కనిపెట్టినదే. తాళపుచెవి ఆయన చేతిలోనే యుండెను. ఐదు మారులు త్రిప్పి చూచినచో చాలియుండెడిది. నమ్మకము బలముగా నున్నచోట పరీక్ష సన్నగిల్లుననుటకు ఇంతకంటె పెద్ద దృష్టాంతము నాకు తెలియదు.

ఆయిలర్ మాటను మాత్రము మనమేల నమ్మవలెను? భాగహారము చేయకయే చదరంగపు పలకమీద దీనిని నిరూపింపవచ్చును. కొంచెము ఓపికతో వినుడు. 641 అనునది రెండు విధముల విడిపోవును. ఒక విధమున అది 640కి ఒకటి ఎక్కువ. 640 అనగా ఐదును 128తో హెచ్చించినది. రెండవ విధమున అది 625, 16ల మొత్తము. 625 అనగా నాలుగు ఐదుల లబ్ధము. ఇప్పుడు ఇరువదితొమ్మిదవ గడిలోని గింజలను 641 రెట్లు చేయుడు. అది నిశ్చయముగా 641 చేత భాగింపబడును. దానిని 625 రెట్లుగాను, 16 రెట్లుగాను రెండు రాశులు చేయుడు. 16 రెట్లనగా నాలుగు మారులు ఇబ్బడి చేయుటయే. నాలుగు గడులు దాటిన ముప్పదిమూడవ గడి వచ్చును. కనుక రెండవ రాశి ముప్పదిమూడవ గడిలోని గింజలు. మొదటి రాశి యేమి? నాలుగు ఐదులును ఇరువదియెనిమిది రెండ్లును హెచ్చించినది; వానిని నాలుగు సమభాగములుగా పంచిన ఒక్కొక్కటి 640 అగును. కనుక మొదటి రాశి నాలుగు 640ల లబ్ధము. అందుండి ఒకటి తీసివేసినచో మిగిలినది, వర్గములో ఒకటి తక్కువ అను మన వెనుకటి సూత్రము చొప్పున విడిపోయి, 641 చేత భాగింపబడును. ఆ తీసివేసిన ఒక్క గింజ యేమైనది? అది ముప్పదిమూడవ గడి గింజలతో చేరినది. అదియే 4294967297. మొత్తము భాగింపబడును, మొదటి భాగము భాగింపబడును. కనుక మిగిలినదియు 641 చేత భాగింపబడవలెను. నిరూపణము ముగిసినది.

దీనితో మన సంఖ్య వంశవృక్షము పూర్తియైనది. 6700417 ప్రధానసంఖ్యయే. కనుక చదరంగపు సంఖ్య ఏడు ప్రధానసంఖ్యల లబ్ధము: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏ ఒక్కటియు రెండు మారులు రాదు. దానిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలన్నియు ఎన్ని యని అడిగినచో, ఈ ఏడింటిలో ఒక్కొక్కదానిని ఉంచుటయో విడుచుటయో చేయవలెను గనుక, రెండును ఏడు మారులు హెచ్చించిన 128. ఇబ్బడి చేత పుట్టిన సంఖ్యకు భాజకముల లెక్కయు ఇబ్బడి చేతనే కుదిరినది. ఇది కాకతాళీయము కాదు.

ఫెర్మా ఊహ తప్పైనను ఆ సంఖ్యలు వ్యర్థములు కాలేదు. జర్మనీలో గౌస్ అను విద్యార్థి, పందొమ్మిదేండ్లు నిండక పూర్వమే, 1796 మార్చి నెలలో, పదునేడు సమానభుజములు గల క్షేత్రమును వృత్తలేఖినియు గీతలులేని బద్దయు మాత్రమే వాడి గీయవచ్చునని కనుగొనెను. మూడు, ఐదు, పదునైదు భుజముల క్షేత్రములను గీయుట యూక్లిడ్ కాలమునాటికే తెలియును. ఆ పిమ్మట రెండువేల యేండ్లు ఎవరును ముందడుగు వేయలేదు. బేసి భుజముల క్షేత్రము గీయదగినదగుటకు భుజముల సంఖ్య ఫెర్మా ప్రధానములలో ఒకటియో, వేరువేరు ఫెర్మా ప్రధానముల లబ్ధమో యైన చాలునని గౌస్ 1801లో ప్రకటించెను. అట్లుగాక వీలు లేదనుటకు 1837లో వాంట్సెల్ నిరూపణ మిచ్చెను. నేటివరకు తెలిసిన ఫెర్మా ప్రధానములు ఆ మొదటి ఐదే. వానినన్నింటిని హెచ్చించిన 4294967295. ఇది యేమో గుర్తించితిరా? చదరంగపు పలకలో మొదటి సగమున, అనగా ముప్పదిరెండు గడులలో నున్న గింజల మొత్తము. గీయదగినదని మనకు తెలిసిన బేసిభుజ క్షేత్రములలో కడపటి దానికి ఎన్ని భుజములో, సగము పలకమీద అన్ని గింజలు! గింజల బేరమునకును రేఖాగణితమునకును ఇట్టి చుట్టరికమును రాజు గాని, పండితుడు గాని కలలోనైనను ఊహించి యుండరు.

మన సంఖ్యకు రెండు చేర్చినచో ఫెర్మా వరుసలో ఏడవది వచ్చును. ఈ వరుసలో ప్రతి సంఖ్యయు తనకు ముందున్న వాని అన్నింటి లబ్ధమునకు రెండు ఎక్కువ. మూడునకు రెండు చేర్చిన ఐదు, పదునైదునకు రెండు చేర్చిన పదునేడు. అందుచేత ఏ రెండింటికిని ఉమ్మడి భాజకము లేదు. వరుసకు అంతము లేదు గనుక ప్రధానసంఖ్యలకును అంతము లేదని గోల్డ్‌బాక్ 1730లో ఆయిలర్‌కు వ్రాసెను. ఆ ఏడవ సంఖ్యను విడదీయుట ఆయిలర్‌కు సాధ్యపడలేదు. 1880లో లాండ్రి అను ఫ్రెంచి గణితజ్ఞుడు, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుడు, అది 274177 యొక్కయు 67280421310721 యొక్కయు లబ్ధమని చూపెను. ఒక అంగలో 641 దొరికినది. తరువాతి అంగకు నూట నలుబదియెనిమిది యేండ్లు పట్టినది.

ఈ సంఖ్యను కాశీక్షేత్రముతో ముడిపెట్టిన కథ యొకటి కలదు. 1883లో లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు మూడు కడ్డీలును, కొన్ని బిళ్లలును గల ఆటవస్తువు నొకదానిని ప్రకటించెను. కాశిలోని ఒక ఆలయమున అరువదినాలుగు బంగారు బిళ్లలను అర్చకులు ఒక కడ్డీనుండి మరియొక కడ్డీకి మార్చుచుందురనియు, చిన్న బిళ్లమీద పెద్ద బిళ్ల ఉంచరాదనియు, ఆ పని ముగిసిననాడు ప్రళయమనియు కథ. ఈ కథ ఫ్రాన్సులో పుట్టినది, కాశిలో కాదు. కాని అందలి లెక్క నిజము. ప్రతి క్రొత్త బిళ్లకును పని ఇబ్బడియై ఒకటి యెక్కువగును. ఒక బిళ్లకు ఒకటి, రెండింటికి మూడు, మూడింటికి ఏడు. అరువదినాలుగు బిళ్లలకు మన సంఖ్యయే వచ్చును. క్షణమునకొక బిళ్ల, అనగా సెకండున కొకటి చొప్పున రేయింబవళ్లు మార్చినను ఏబదియెనిమిదివేల నాలుగువందల కోట్ల సంవత్సరములకు పైబడును. మన పురాణగణనలో బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరములు. అట్టి పగళ్లు 135 కావలెను. నేటి ఖగోళశాస్త్రజ్ఞులు విశ్వమునకు చెప్పు వయస్సు 1,380 కోట్ల సంవత్సరముల ప్రాంతము మాత్రమే.

ఇంత పురాతనమైన సంఖ్య నేడు మన ఇండ్లలోనికి వచ్చియున్నది. కంప్యూటరులు సంఖ్యలను ఒకటి, సున్న అను రెండు గుర్తులతోనే వ్రాసికొనును. ఇప్పటి వానిలో హెచ్చుభాగము ఒక సంఖ్యకు అరువదినాలుగు స్థానముల నిచ్చును. చదరంగపు గడులెన్నో అన్ని. అన్నింటను ఒకటి యున్నప్పుడు అందిమిడిన సంఖ్య మల్లన పద్యములోనిదే. ఆ యరువదినాలుగు స్థానములలో అంతకంటె పెద్దది పట్టదు. దానికి ఒకటి కలిపినచో గడులన్నియు సున్నలై పోవును. పొరుగువాని యొద్ద బదులు తెచ్చిన ఆ ఒక్క గింజయే ఇచ్చటను పలకనంతటిని తుడిచివేయుచున్నది.

నేను చెప్పదలచినది ఇంతే. మల్లన పద్యమును గౌరవింపుడు. కాని పదునేడు చేత భాగించి చూచి మరీ గౌరవింపుడు. అట్లు చేయుట కవికి అవమానము కాదు. ఆయన ఇరువది యంకెలను తు.చ. తప్పక చెప్పినది, ఎవరైన ఒకనాడు సరిచూతురనియే. ఫెర్మా నమ్మకమును సహితము గౌరవింపుడు. ఆయన తప్పుగా ఊహించినందువలననే ఆయిలర్ వెదకెను. గణితములో పెద్దవారి మాట మనకు దారి చూపునే గాని గమ్యము కాదు. ఐదు సాక్ష్యములు కుదిరినవని ఆగినవానికి ఆరవది కనబడదు. రేపు మీ ఇంటి పిల్లలను పిలిచి, ఒక కాగితముమీద ఆ యిరువది యంకెలను వ్రాయించి, వారి చేతనే పదునేడుతో భాగింప జేయుడు. ఆ సంఖ్య సరియో కాదో వారికి మీరు గాని, నేను గాని చెప్పనక్కరలేదు.